నిద్రలో లేచిన చెయ్యి

ఆ ఆదివారం పొద్దున అద్దంలో చూసుకుంటే నా ఎడమ కన్ను కింద నల్లగా కమిలి ఉంది. మా ఆయన వెనక నిలబడి దాన్నే చూస్తున్నారు.

"నేనేనా?" అన్నారు.

అవునన్నాను. నిద్రలో ఆయన పిడికిలి నా మొహం మీద పడింది. అంతకుముందు కొన్నాళ్ళుగా కాళ్ళు విదిలించడం, అరవడం ఉన్నాయి కానీ దెబ్బ తగలడం అదే మొదలు.

"కుక్కలు నీ మీదకి దూకుతున్నాయి సుభా. వాటిని తోలుతున్నాను."

కలంతా ఆయనకి గుర్తుంది. దెబ్బ నాకు తగిలిందని మాత్రం తెలియదు.

మేం భవానీపురంలో ఉంటాం. ఆయనకి మోటార్లు వైండింగ్ చేసే షాపు ఉంది. నేను ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెబుతాను. మా ఆయన ప్రసాద్ గొంతు పెంచి మాట్లాడే మనిషి కాదు. వరద నీళ్ళు షాపులోకి వచ్చి, రిపేరుకి ఇచ్చిన మోటార్లన్నీ బురదలో కూరుకుపోయాక ఆయన తిండి తగ్గించేశారు. షట్టరు ఎత్తడం మానేశారు. సైకియాట్రిస్టు డిప్రెషన్ అని చెప్పి వెన్లాఫాక్సిన్ రాశారు. కొన్ని వారాలకి మనిషి తేరుకున్నారు. డోసు పెంచాక షాపు కూడా తెరిచారు. ఈ కలలు మొదలైంది సరిగ్గా ఆ తర్వాతే. అప్పట్లో ఆ రెండింటికీ సంబంధం ఉంటుందని మాకు తట్టలేదు.

స్కూల్లో తలుపు తగిలిందని చెప్పాను. నిజం చెబితే అదే పెద్ద అబద్ధంలా ఉంటుందనిపించింది.

"తలుపులన్నీ ఆడవాళ్ళ మొహాలకే తగుల్తాయేంటి మేడం?" అంది పక్క సీటు టీచరు. ఆమె నవ్వలేదు.

ఇద్దరం ఒక జనరల్ ఫిజీషియన్ దగ్గరికి వెళ్ళాం. ఆ డాక్టరు మా ఆయన్ని బయట కూర్చోమని నన్ను ఒంటరిగా అడిగారు. "ఇంట్లో ఏమన్నా గొడవలా అమ్మా? భయపడకుండా చెప్పండి." అలా అడగడం ఆయన బాధ్యతే. "నిద్రలో జరిగిందండీ" అన్నాను. తల ఊపారు గానీ నమ్మినట్టు లేదు. తర్వాత మా ఆయన్ని లోపలికి పిలిచి, ఏం మందులు వాడుతున్నారని అడిగితే, "అప్పుడప్పుడు గ్యాస్ మాత్రండీ, అంతే" అన్నారు మా ఆయన. సైకియాట్రిస్టు దగ్గరికి వెళ్తున్న సంగతి ఎవరికీ తెలియకూడదని ఆయన పట్టుదల. విటమిన్ మాత్రలు రాయించుకుని ఇంటికొచ్చేశాం.

ఈ మాట ఎలాగో మా తమ్ముడు శ్రీను చెవిన పడింది. వాడు మైలవరంలో మామిడి తోటలు చూసుకుంటాడు. ఒక మధ్యాహ్నం చెప్పకుండా వచ్చి, ఇచ్చిన మంచినీళ్ళు ముట్టుకోకుండా కూర్చున్నాడు.

"బావగారూ, మీరంటే నాకు గౌరవం. అక్క మొహం చూశాక ఏం మాట్లాడాలో తెలీట్లేదు."

"కొట్టింది నేనే శీనూ. తెలిసి కాదు."

"ఎవరైనా అలాగే చెప్తారు కదండీ." వాడు నా వైపు తిరిగాడు. "అక్కా, బట్టలు సర్దుకో. కొన్నాళ్ళు మా దగ్గరుందువుగాని."

నేను రానన్నాను. వాడు కోపంగా వెళ్ళిపోయాడు. ఆ రోజు నుంచి మా ఆయన హాల్లో మంచం వేసుకున్నారు. "ఇవి మింగుతున్న దగ్గర్నుంచే ఇదంతా" అని డిప్రెషన్ మాత్రలు కూడా ఆపేశారు. సైకియాట్రిస్టుకి ఫోన్ చేద్దామంటే వినలేదు.

కారణం సరిగ్గానే పట్టుకున్నారు. ఆపిన తీరే ప్రమాదమైంది. తలలో కరెంటు కొట్టినట్టు ఉంటోందన్నారు. వాంతులు. కలలు తగ్గకపోగా ముమ్మరమయ్యాయి. వారం తిరక్కుండానే నిద్రలో మంచం మీంచి దూకి టీవీ స్టాండు అంచుకి తల కొట్టుకున్నారు. క్యాజువాలిటీలో కుట్లు వేస్తూ డ్యూటీ డాక్టరు, "ఎలా పడ్డారండీ?" అని అడిగింది. నేను మొదటినుంచీ అంతా చెప్పాను, మాత్ర పేరుతో సహా. మా ఆయన కళ్ళు మూసుకున్నారు కానీ ఈసారి అడ్డు చెప్పలేదు. ఆమె కుట్లు ముగించి న్యూరాలజీకి రిఫర్ చేసింది.

న్యూరాలజిస్టు ఓపిగ్గా విన్నారు. "కలలొచ్చే నిద్రని REM స్లీప్ అంటామండీ. ఆ స్టేజ్‌లో కండరాలు కదలకుండా బ్రెయిన్ ఆపి ఉంచుతుంది. అందుకే కలలో పరిగెత్తినా మంచం మీదే ఉంటాం. మీరు వాడిన మందు కొంతమందిలో ఆ పట్టు సడలిస్తుంది. పైగా అది REM స్లీప్‌ని తగ్గిస్తుంది. సడన్‌గా ఆపేస్తే అణిగి ఉన్న REM అంతా ఒక్కసారి తన్నుకొస్తుంది. REM రీబౌండ్ అంటాం."

సైకియాట్రిస్టుతో మాట్లాడి తక్కువ డోసులో మందు మళ్ళీ మొదలుపెట్టించారు. తర్వాత స్లీప్ స్టడీ చేశారు. తలకి, గడ్డానికి, కాళ్ళకి వైర్లు పెట్టి, వీడియో తీస్తూ నిద్రపుచ్చారు. రిపోర్టు రోజున శ్రీనుని నేనే రమ్మన్నాను. ఎందుకొచ్చాడో తెలియనట్టు గోడకి ఆనుకుని నిలబడ్డాడు.

డాక్టరు వీడియో పెట్టారు. అందులో వైర్లతో పడుకున్న మా ఆయన ఉన్నట్టుండి గాలిలో గుద్దులు గుద్దుతున్నారు. కళ్ళు మూసే ఉన్నాయి. "సుభా, నువ్వు లోపలికెళ్ళు! తలుపేసుకో!" అని అరుస్తున్నారు.

మా ఆయన తల దించుకున్నారు. డాక్టరు గ్రాఫులో ఒక గీత చూపించి, "గడ్డం కండరం ఇక్కడ సైలెంట్‌గా ఉండాలి. ఉండట్లేదు. కలలో చేసేదే ఒళ్ళు కూడా చేసేస్తోంది. దీన్ని REM స్లీప్ బిహేవియర్ డిజార్డర్ అంటాం" అన్నారు.

శ్రీను ఆయన దగ్గరికొచ్చాడు. "పదండి బావగారూ, టిఫిన్ చేద్దాం. పొద్దున్నుంచీ ఏమీ తినలేదంట కదా." బయటికొచ్చాక రోడ్డు దాటేటప్పుడు ఆయన చెయ్యి పట్టుకున్నాడు. అది చూశాకే నాకు ఏడుపొచ్చింది.

వెన్లాఫాక్సిన్‌ని నెమ్మదిగా తగ్గిస్తూ సైకియాట్రిస్టు వేరే మందుకి మార్చారు. పడుకునే ముందు వేసుకోమని న్యూరాలజిస్టు మెలటోనిన్ రాశారు. "చీకటి పడ్డాక బ్రెయిన్ తనే తయారుచేసుకునే హార్మోన్ ఇది. అందరికీ ఒకేలా పనిచెయ్యదు, చూద్దాం" అన్నారు. మధ్యలో కొన్నాళ్ళు దిగులు తిరగబెట్టింది. షాపు మళ్ళీ మూతపడుతుందేమోనని భయపడ్డాను. మందు సర్దుకున్నాక తేరుకున్నారు.

ఇప్పుడు అరుపులు అరుదు. ఎప్పుడైనా చెయ్యి విదిలిస్తారు, అంతే. అయినా పరుపు నేల మీదే వేశాం. ఇద్దరి మధ్యా బాలీసు దిండు ఉంటుంది. టీవీ స్టాండు వేరే గదిలోకి మారింది. న్యూరాలజిస్టు ఇంకో మాట కూడా దాచకుండా చెప్పారు. కొందరిలో ఇది చాలా ఏళ్ళ తర్వాత రాబోయే పార్కిన్సన్స్ అనే వణుకు జబ్బుకి ముందు సూచన కావచ్చు, మందు వల్లనే వచ్చిందా, లోపల ఉన్నదాన్ని మందు బయటపెట్టిందా అన్నది ఇప్పుడే తేల్చలేం అని. అందుకే రివ్యూకి వెళ్ళిన ప్రతిసారీ ఆయన్ని నడిపించి చూస్తారు, వేళ్ళు ఆడించమంటారు. ఇప్పటివరకూ తేడా ఏమీ లేదు. ఆ ప్రశ్నతోనే రోజులు గడుపుతున్నాం. గడుస్తున్నాయి కూడా.

చదివేవాళ్ళకి ఒకటే చెబుతాను. కొత్త మందు మొదలుపెట్టాకో, డోసు మార్చాకో నిద్రలో తేడా కనిపిస్తే మీ అంతట మీరు ఆపకండి, డాక్టరుకి చెప్పండి. వెళ్ళేటప్పుడు పక్కన పడుకునే మనిషిని కూడా తీసుకెళ్ళండి. నిద్రపోయే మనిషికి ఆ రాత్రి ఏం జరిగిందో తెలియదు. చూసిన మనిషే చెప్పాలి.