మా తమ్ముడు బిగించిన కంప్యూటర్

ఆ ఫొటో ఇప్పటికీ మా చుట్టాల ఫోన్లలో ఉంది. చెప్పుల పెట్టె కన్నా కాస్త పెద్దదైన నల్ల డబ్బా, పక్క అద్దంలోంచి కనిపించే సన్నని గొట్టాలు, వాటిలో నీళ్లు, డబ్బా మీద చెయ్యేసి నవ్వుతున్న మా తమ్ముడు. ఫొటో తీసింది నేను. డబ్బా బిగించిందీ నేనే. ఈ రెండో సంగతి చెబితే మావాళ్లు ఇప్పుడు కూడా "ఔనా" అంటారు. నమ్మి కాదు, గొడవెందుకని అంటారు.

మా ఇల్లు సూరత్‌లో, నవాగామ్‌లో. కింద మగ్గాల షెడ్డు, దాని పైన రేకుల కప్పుతో ఒక గది, ఓ వంటమూల. బాపు కరీంనగర్ దిక్కు నుంచి చిన్నప్పుడే పనికి వచ్చి ఇక్కడే నిలిచిపోయాడు. సూరత్ అవతల కిమ్‌లో నీళ్ల మగ్గాలు నడుపుతాడు. ఆ మగ్గాల్లో పోగును మోసే నాడె ఉండదు. సన్నని ముక్కులోంచి చిమ్మే నీళ్లే పోగును ఈ అంచు నుంచి ఆ అంచుకు లాక్కుపోతాయి. అమ్మ చాప మీద కూర్చుని చీరలకు గమ్‌తో టిక్కీలు, అదే మెరుపు రాళ్లు, అతికిస్తుంది. నేను రింగ్ రోడ్డు మార్కెట్‌లో ఒక సేఠ్ దగ్గర చీరల అంచులు, బుటాలు కంప్యూటర్‌లో గీసేదాన్ని. మా ఇంట్లో తాతల నాటి నుంచి ఒక పద్ధతి ఉంది. మగ్గం మగవాళ్లది, కండెకు నూలు చుట్టడం ఆడవాళ్లది. మా నాయనమ్మ బతికినంతకాలం కండెలు చుట్టింది గానీ మగ్గానికి ఒక్క మర బిగించి ఎరగదు. బిగించబోయినా బిగించనిచ్చేవాళ్లు కారు. నేను కంప్యూటర్ ముందు కూర్చోవడానికి ఎవరూ అడ్డు చెప్పలేదంటే, వాళ్ల లెక్కలో అది కూడా కండె చుట్టడం లాంటిదే. కూర్చుని చేసే పని, మిషన్ సేఠ్‌ది.

లాక్‌డౌన్‌లో మార్కెట్ మూతపడింది. మా గల్లీలో సగం ఇళ్లవాళ్లు దొరికిన లారీ ఎక్కి ఊళ్లకు పోయారు. కింది అంతస్తులోని మగ్గాలు ఆగిపోతే, పుట్టినప్పటి నుంచి వింటున్న ఆ చప్పుడు లేక మాకు నిద్ర పట్టేది కాదు. కొన్నాళ్లకు సేఠ్ ఫోన్ చేశాడు. ఆఫీసు ఇప్పట్లో తెరవనని, ఇంట్లో సొంత మిషన్ ఉన్నవాళ్లకు మాత్రం పని పంపుతానని, పండగ సీజన్ దాకా ఎవరు ఆపకుండా డిజైన్లు ఇస్తారో వాళ్లనే ఎప్పటికీ పనిలో ఉంచుకుంటానని చెప్పాడు. ఆ మాట ఇంట్లో చెబితే అమ్మ చాప మీద కాస్త పక్కకు జరిగి, గమ్ డబ్బా నా వైపు తోసింది. ఆ జరగడం చూస్తే నాకు ఒళ్లు మండిపోయింది. నేను గీసిన బుటా మీద నేనే కూర్చుని రాళ్లు అతికించాలా? దానికన్నా ఊరికి పోయి బీడీలు చుట్టడం నయమనిపించింది. మిషన్ కావాలి, ఎలాగైనా కావాలి అనుకున్నాను.

మామూలు కంప్యూటర్ మా ఇంట్లో బతకదని నాకు తెలుసు. పెట్టడానికి ఉన్న చోటు బీరువాకూ గోడకూ మధ్య సందు ఒక్కటే. పైన రేకులు, వేసవిలో లోపల కూర్చుంటే తల మాడిపోతుంది. అన్నిటికన్నా పెద్ద శత్రువు నూలుదూది. కింద మగ్గాలు మళ్లీ మొదలైతే మెట్ల మీదుగా పైకి ఎగిరొచ్చే ఆ దూది ఫ్యాన్ రెక్కలకు పట్టి బొంతలా పేరుకుంటుంది. మార్కెట్ ఆఫీసులో మిషన్లు ఎలా వేడెక్కి ఆగిపోయేవో రోజూ చూసినదాన్ని. అందుకే నీళ్లతో చల్లబడేదాన్ని చేయాలనుకున్నాను. డబ్బా చిన్నది, దాదాపు మూసేసి ఉండాలి. లోపలి వేడిని నీళ్లు మోసుకుపోయి కిటికీ బయట పెట్టిన రాగి జాలీలో వదలాలి. జాలీ ముందు పాత నెట్ చీర ముక్క కడితే దూది దాని మీదే ఆగుతుంది, వారానికోసారి ఉతికి మళ్లీ కట్టొచ్చు. ఈ ఆలోచన ఏ వీడియోలోనూ లేదు, నాది.

బోర్డూ ప్రాసెసరూ ఊరికి వెళ్లిపోతున్న ఒక డిజైనర్ దగ్గర పాతవి కొన్నాను. పంపు, రాగి జాలీ, గొట్టాలు ఆన్‌లైన్‌లో తెప్పించాను. డబ్బాను రేకుల పనివాడితో కోయించాను. అతను కొలతలు నన్ను అడగకుండా తమ్ముణ్ని అడిగాడు, తమ్ముడు నన్నడిగి అతనికి చెప్పాడు. నాకు నవ్వొచ్చింది. అది నవ్వే సంగతి కాదని అప్పటికి తట్టలేదు. ఇంట్లో బిగించేటప్పుడు తమ్ముడు టార్చి పట్టుకున్నాడు. న్యాయంగా చెప్పాలంటే బాగానే పట్టుకున్నాడు, మధ్యమధ్యలో ఆట ఆడుకోవడానికి పోయినా.

గొట్టాలు బిగించాక బోర్డుకు కరెంటు ఇవ్వలేదు. కింద కాగితాలు పరిచి, పంపు ఒక్కటే ఒక రోజంతా తిప్పాను. ఒక మూల కాగితం తడిసింది. అక్కడి క్లిప్పు విప్పి మళ్లీ బిగించాను. కాగితం పొడిగా ఉన్న రోజునే మిషన్ ఆన్ చేశాను. పోసినవి బ్యాటరీ నీళ్లు, ఉప్పూ సున్నం లేని డిస్టిల్డ్ వాటర్. ఇన్వర్టర్ల షాపతను షట్టరు సగమెత్తి, మాస్కు పెట్టుకోమని అరుస్తూ ఒక క్యాన్ ఇచ్చాడు. తెర వెలిగింది. గొట్టాల్లో చిన్న బుడగ ఒకటి పరిగెత్తుకుంటూ పోయి ట్యాంకులో కలిసింది. నా జీవితంలో అంత సంతోషం నాకు అంతకుముందు లేదు, ఆ తరవాతా రాలేదు. అమ్మను పిలిచి చూపించాను. అమ్మ, చప్పుడే లేదేంది, నడుస్తుందా అని అడిగింది.

నడిచింది. వానాకాలమంతా నడిచింది. సేఠ్ పంపిన పనినల్లా చేసి పంపాను. ఆయన నోటి నుంచి ఎన్నడూ రాని "బహుత్ అచ్ఛా" రెండుమూడు సార్లు వచ్చింది. ఈలోగా తమ్ముడు ఆ ఫొటోను తన స్టేటస్‌లో పెట్టుకున్నాడు. కింద నేనే చేశానని రాయలేదు, అబద్ధమాడాడని అనలేను. అడిగినవాళ్లకు కాదని కూడా చెప్పలేదు. సొమ్మొకడిది సోకొకడిది అని ఊరికే అనలేదు పెద్దలు.

బాపు ఆ రోజుల్లో కిమ్‌లోనే ఉండేవాడు. యూనిట్లు తెరిచాక పనివాళ్లను లోపలే ఉంచారు, కొన్నాళ్లకు ఆదివారాలు ఇంటికి వదలడం మొదలుపెట్టారు. స్టేటస్ అక్కడే చూశాడు. వచ్చీ రాగానే తమ్ముడి భుజం తట్టాడు. నేను చేశాను బాపూ అన్నాను. "ఇద్దరు కల్సి చేసిండ్రు, మంచిగున్నది" అన్నాడు. అంతటితో తీర్పు అయిపోయింది.

దసరా రోజు మిషన్‌కు బొట్టు పెట్టారు. కొత్త మగ్గం బిగిస్తే బిగించినవాడి చేతే కొబ్బరికాయ కొట్టించడం మావాళ్ల ఆనవాయితీ. బాపు కొబ్బరికాయ తీసి తమ్ముడి చేతికిచ్చాడు. ఎదురుగా హారతి పళ్లెంతో నేను. తమ్ముడు ఒక్కసారి నా మొహం చూశాడు, చూసి కొట్టాడు. నేను పళ్లెం కింద పెట్టి, కొబ్బరినీళ్లు డబ్బా మీద చిందకుండా చీర కొంగు అడ్డం పెట్టాను. నోరు తెరవబోయాను, కానీ పండగ పూట మిషన్ దగ్గర గొడవ చేస్తే అరిష్టమని అమ్మ కళ్లతోనే ఆపింది.

నీళ్ల మగ్గం మనిషికి ఒక అలవాటు ఉంటుంది. షిఫ్ట్ దిగేముందు నీటి మట్టం చూస్తాడు, తగ్గితే నింపుతాడు, నింపకుండా ఇంటికి పోడు. ఆ నీళ్లు కూడా మామూలువి కావు. బోరు నీళ్లలోని సున్నం సన్నని ముక్కుకు అడ్డుపడుతుందని, ఉప్పు బస్తాలు పోసిన ట్యాంకుల గుండా పంపి మెత్తబరుస్తారు. దాన్ని వాళ్లు సాఫ్ట్ పానీ అంటారు. బాపు లెక్కలో లోకంలో అంతకన్నా శుభ్రమైన నీళ్లు లేవు. కొత్త గొట్టాల్లో గాలి బయటికి పోయేకొద్దీ నా ట్యాంకులో మట్టం కొంచెం దిగింది. అది మామూలే, దిగి ఆగిపోతుంది. బాపు అది చూశాడు. తరవాతి ఆదివారం నూనె డబ్బాలో సాఫ్ట్ పానీ నింపుకుని, బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చాడు. నేను రేషన్ లైన్‌లో ఉన్నప్పుడు ట్యాంకు మూత తీసి పోశాడు. నిండుగా కనిపించాలని తరవాత కూడా వచ్చినప్పుడల్లా కాసిన్ని తీసి కాసిన్ని పోశాడట. అది అప్పటికి నాకు తెలియదు.

దీపావళి ముందు, సేఠ్ పండగ చీరల సెట్ అడిగిన వారంలో, మిషన్ వేడెక్కడం మొదలైంది. నెట్ ముక్క ఉతికి కట్టాను. తగ్గలేదు. మర్నాడు పొద్దున పని మధ్యలో తెర నల్లబడి, కాలిన వాసన వచ్చింది. విప్పి చూస్తే రాగి మీద పచ్చటి చిలుము, అతుకుల చుట్టూ తెల్లటి ఉప్పు. ఒక అతుకు కింద కారిన తడి బోర్డు మీద ఎండి మరకైంది. చివరి సెట్ కూడా అందులోనే పోయింది. ఉప్పు ఎక్కడి నుంచి వచ్చిందో తెలియక వేలితో తీసి నాలుక మీద పెట్టుకుని చూశాను. అది ఆదివారమే. బాపు వెనక నిలబడి ఉన్నాడు.

"నీళ్లు తక్కువైతె నేనే పోసిన బిడ్డా. మా కాడి సాఫ్ట్ పానీ, మంచి నీళ్లే."

నన్నెందుకు అడగలేదన్నాను.

"తమ్ముణ్ని అడిగే పోసిన గద. పొయ్యి అన్నడు."

తమ్ముడు ఫోన్‌లోంచి తల ఎత్తలేదు. ఆ రోజు ఏడుస్తూనే బాపుకు అంతా చెప్పాను. మీ నీళ్లలో ఉప్పుంటది, అది రాగిని తింటది, బ్యాటరీ నీళ్లే పొయ్యాలె, కరెంటు ఇయ్యకుండ ముందు పంపు ఒక్కటే తిప్పి చూడాలె, కాగితం తడవకుంటెనే మిషన్ చాలూ చెయ్యాలె అని, ఒక్కొక్క గొట్టం చూపించి మరీ చెప్పాను. ఆయన శ్రద్ధగానే విన్నాడు. ఆ నూనె డబ్బాను బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చిన మనిషి మీద ఎంత అరవగలను? ఆ ప్రేమ చూస్తేనే నాకు ఇంకా కోపమొచ్చింది. నన్ను ఒక్క మాట అడగడానికి మాత్రం ఆ ప్రేమ పనికి రాలేదు.

సేఠ్ ఒక్క రోజు కూడా ఆగలేదు. పని వేరేవాళ్లకు పోయింది. ఇంకో బోర్డు కొందామంటే ఇంట్లో ఎవరూ ఒప్పుకోలేదు. పక్కింటాయన వచ్చి, మిషన్ ఏమైందని అడిగితే బాపు చెప్పిన మాట వంటమూలలో ఉన్న నాకు వినిపించింది. "బిడ్డ బిగించింది. ఆడిపిల్ల బిగిస్తె ఎన్ని దినాలు ఆగుతది." నడిచినన్నాళ్లూ అది తమ్ముడు బిగించిన మిషన్. ఆగిన రోజున నాదైంది.

రెండో ఏడు షాపులన్నీ మళ్లీ తెరిచాక తమ్ముడికి కతర్‌గామ్‌లో ఒక కంప్యూటర్ షాపులో ఉద్యోగం దొరికింది. షాపతను అనుభవం అడిగితే వీడు ఆ ఫొటో చూపించాడట. బాపు గల్లీలో మిఠాయి పంచాడు, నేనూ తిన్నాను. అప్పటికి నేను అమ్మ పక్కన చాప మీద కూర్చోవడం మొదలుపెట్టి చాలా కాలమైంది.

ఒక ఆదివారం మధ్యాహ్నం ఫోన్ మోగింది. వేళ్లకు గమ్ ఉంది, పట్టుకోలేక మోచేత్తో స్పీకర్ నొక్కాను. తమ్ముడే. షాపులోంచి గుసగుసగా మాట్లాడుతున్నాడు.

"అక్కా, ఒకాయన నీళ్ల మిషన్ తెచ్చిండు. పాత నీళ్లు తీసి కొత్తయి పొయ్యాలె. ఏం నీళ్లు పొయ్యాలె, జర చెప్పు."

"బాపునడుగు. నీళ్ల సంగతి ఇంతకుముందు మీరిద్దరే మాట్లాడుకున్నరు గద."

బాపు ఎదురుగా అన్నం తింటున్నాడు. ఆయన తల దించుకోవాలని నాకు ఉండింది. ఒక్క క్షణమైనా దించుకుంటే చాలనుకున్నాను. ఆయన కంచం పక్కన పెట్టి, ఫోన్ దగ్గరికి వంగాడు.

"మా కాడి సాఫ్ట్ పానీ అస్సలు పొయ్యకు బిడ్డా. అండ్ల ఉప్పుంటది, రాగిని తింటది. బ్యాటరీ నీళ్లు పొయ్యి. కరెంటు ఇయ్యకుండ ముందుగాల పంపు ఒక్కటే తిప్పు, కింద కాగితం పరువు. కాగితం తడవకుంటెనే మిషన్ చాలూ చెయ్."

సరే బాపూ అని తమ్ముడు ఫోన్ పెట్టేశాడు. ఒక్క మాట పొల్లుపోలేదు, అన్నీ నావే. బాపు కంచం మళ్లీ ముందుకు జరుపుకుంటూ, అడిగినవాడికి అలా తిక్కగా చెబితే ఎట్లా, పిల్లవాడు పని నేర్చుకోవద్దా అని నన్ను మందలించాడు. గమ్ ఆరిపోతోందని అమ్మ హెచ్చరించింది. నేను చీర దగ్గరికి లాక్కుని, ఇంకో రాయి తీసి అతికించాను.