పుప్పొడి కమ్మిన పూట క్రేన్ మీద

మంచుదేశపు ఊరు కువోపియోలో ఇళ్ళు కట్టే పనివాళ్ళలో సిర్కు హ్యూవరినెన్‌ను ఎరగనివాళ్ళు లేరు. పంతొమ్మిదేళ్ళుగా టవర్ క్రేన్ నడుపుతోంది. ఆమెకు ఎత్తన్నా గాలన్నా లెక్కలేదు. బిర్చి చెట్టంటేనే భయం. మే నెలలో అది పూసి పుప్పొడి రాల్చిందంటే ఆమె కళ్ళు చింతనిప్పులయ్యేవి, తుమ్ములు ఆగేవి కావు. డాక్టరు దగ్గరికి వెళ్ళమని ఎవరైనా అంటే, "నాలుగు తుమ్ములకు డాక్టరెందుకు?" అనేది.

ఆ ఏడు మంచు ఆలస్యంగా కరిగి, ఒక్కసారిగా ఎండ కాసింది. ఊళ్ళోని బిర్చిలన్నీ ఒకే వారంలో పూశాయి. పుప్పొడి చాలా ఎక్కువగా ఉందని పొద్దున రేడియోలో చెప్పారు. సిర్కు ఒక మాత్ర మింగి క్రేన్ నిచ్చెన ఎక్కింది. ఎన్నడూ లేనిది, ఆయాసంతో మధ్యలో రెండుసార్లు ఆగింది.

పది గంటలకు నాలుగు టన్నుల సిమెంటు గోడపలక కొక్కేనికి వేలాడుతుండగా తుమ్ములు మొదలయ్యాయి. ఒకదాని వెంట ఒకటి, పది దాకా. కళ్ళ నిండా నీళ్ళు. కింద మనుషులు అలుక్కుపోయినట్టు కనబడ్డారు. ఆమె చేతులు వెంటనే లీవర్లను వదిలేశాయి. క్రేన్ ఆగింది గానీ పలక ఊగుతూనే ఉంది.

"ఏమైంది సిర్కూ? దించు!" వాకీటాకీలో మేస్త్రీ ఓస్మో అరిచాడు.

"కళ్ళు కనబడట్లేదు. కిందున్నోళ్ళని తప్పించు."

"ముక్కు చీదుకోడానికి ఎక్కావా అంత పైకి? అవతల పలకల లారీ ఆగిపోయింది!"

"లారీ సంగతి తర్వాత! ముందు మనుషుల్ని తప్పించవయ్యా!"

అరిచేసరికి ఊపిరి అందలేదు. ఛాతీలోంచి పిల్లికూతలు వినబడ్డాయి. తుమ్ములు ఆమెకు అలవాటే, ఈ చప్పుడు కొత్తది. సీసాలో నీళ్ళు కళ్ళ మీద గుమ్మరించుకుంది. కుడికన్ను కాస్త తెరుచుకుంది.

అప్పుడు పలకలకు గొలుసులు కట్టే కౌకో గొంతు వినిపించింది. "సిర్కూ, కింద పురుగు కూడా లేదు. గోడ మీద వద్దు, ఇసకలో దించేద్దాం. నేను చెప్తుంటా. ఎడమకి... ఇంకా... చాలు. ఆగు, ఊపు తగ్గనీ. ఇప్పుడు దించు, గుడ్లగంప దించినట్టు."

పలక ఇసకను తాకిందని కౌకో చెప్పాకే ఆమె తల వెనక్కి వాల్చింది. తర్వాత అతనే ఎక్కి వెళ్ళి, మెట్టు మెట్టుకీ ఆపుతూ ఆమెను దింపుకొచ్చాడు.

ఆరోగ్య కేంద్రంలో డాక్టరమ్మ ఊపిరి పరీక్ష చేసింది. "ఇది ముక్కుతో ఆగలేదు, ఉబ్బసంలోకి దిగింది. చెట్లు పూశాక మందేస్తే ఆలస్యమే. మంచు ఉండగానే మొదలెట్టాలి."

"మరి క్రేన్?"

"ఇప్పుడు మాత్రం ఎక్కొద్దు. మందులకు తగ్గాక చూద్దాం."

మూడు వారాలు సిర్కు నేల మీదే పనిచేసింది. ఓస్మో రెండు రోజులు ముఖం చాటేసి, మూడోరోజు కాఫీ తెచ్చి చేతికిచ్చి, "ఆ రోజు అలా అనాల్సింది కాదు" అని గొణిగాడు. జూన్‌లో ఆమె మళ్ళీ పైకెక్కింది. మరుసటి మార్చిలో, వీధుల్లో మంచు మోకాలెత్తు ఉండగానే, ముక్కులో మందు కొట్టుకోవడం మొదలుపెట్టింది. మేలో ఒక పొద్దున మాత్రం, ఛాతీ బరువుగా ఉందనిపించి, తనే ఓస్మోకి ఫోన్ చేసింది.

"ఈ రోజు నేనెక్కను. ఇంకెవర్నైనా చూసుకో."

"సరే," అన్నాడు ఓస్మో.