టైమాఫీసు కిటికీ పక్కన

అరవయ్యో దశకం చివర్లో మా కంపెనీ కలకత్తాలో కొత్తగా కంప్యూటర్ తెప్పించింది. దానికి ఏ పని నేర్పాలో తెలియాలంటే, మనుషులు ఆ పని ఎలా చేస్తున్నారో ముందు చూసి రావాలన్నారు. అలా నన్ను విజయనగరం దగ్గర మా కంపెనీదే ఓ జూట్ మిల్లుకి, కూలీల హాజరు రాసే టైమాఫీసుకి పంపారు. ఏమీ అడక్కు, ఏ పనిలోనూ చెయ్యి పెట్టకు, ఊరికే కూర్చుని చూసి రాసుకో అని మా ఆఫీసరు గట్టిగా చెప్పాడు.

కిటికీ పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నాను. గుమాస్తాలు బిగుసుకుపోయారు. ఇస్త్రీ చొక్కాలు వేసుకొచ్చారు, టీ మానేశారు, రాసిందే మళ్ళీ రాశారు. చివరికి హెడ్డు గుమాస్తా ఉండబట్టలేక దగ్గరకొచ్చి గొంతు తగ్గించాడు.

"సూడ్డానికే జీతం ఇత్తారా బాబూ? పైవోళ్ళకి మీ మీద కోపవేటైనా ఉందేటి?"

లేదన్నాను. ఆయన నమ్మలేదు. నేనేదో తప్పు చేస్తే పని లేకుండా కూర్చోబెట్టే శిక్ష వేశారని ఆఫీసంతా తేల్చుకుంది. ఇక అందరికీ నా మీద జాలి. ఇళ్ళ నుంచి తేగలు ఉడికించి తెచ్చేవారు. ఖాళీగా ఉంటే మనసు పాడవుతుందని, కిటికీ దగ్గరకొచ్చే కూలీలను నాకు అప్పగించారు. రాత్రి షిఫ్టు ఎవరిది, సెలవు మంజూరైందా, హాజరు బిళ్ల పోతే ఏం చెయ్యాలి, అన్నిటికీ నేనే జవాబు. వద్దనలేకపోయాను. నిజం చెప్పొద్దూ, హాయిగానే ఉండేది.

ఒకనాడు చెప్పాపెట్టకుండా మా ఆఫీసరు దిగాడు. తను పెట్టిన నియమం తనే పాటిస్తూ, నాతో ఒక్క మాటైనా మాట్లాడకుండా ఎదురుగా ఇంకో స్టూలు వేసుకుని సాయంత్రం దాకా నన్ను చూశాడు. పాపం ఈయనకీ అదే గతి పట్టిందనుకుని హెడ్డు గుమాస్తా తేగలు పెట్టాడు. ఆయన తింటూనే రాసుకున్నాడు.

బయటికొచ్చాక నేను సంగతి చెప్పబోతే చెయ్యెత్తి ఆపాడు.

"ఇక్కడ అందరి పనీ మిషను చేసేస్తుంది. ఆ కిటికీ పక్క మనిషి పని మాత్రం దాని వల్ల కాదు."

"ఆ మనిషి నేనేనండీ."

"తెలుసు. అయినా చూసింది చూసినట్టే రాయాలి కదా" అన్నాడు.

ఆయన రాసింది కలకత్తా వెళ్ళింది. గుమాస్తాల పని తీసేస్తే ఊరుకునేది లేదని యూనియన్ వాళ్ళు పట్టుబట్టడంతో కంప్యూటర్ మా మిల్లు గుమ్మం తొక్కలేదు. కిటికీ దగ్గర కొత్త ఉద్యోగం మాత్రం మంజూరైంది. అందులో నన్నే వేశారు.

తిరిగి కలకత్తా వెళ్ళే ఆశ పోయినందుకు కూర్చుని బాధపడదామనుకున్నాను. కానీ మర్నాడు పొద్దున్నే కిటికీ అవతల జనం నిలబడి ఉన్నారు. తీరిక దొరకలేదు.