నందివర్ధనం పురుగుతో షోళింగనల్లూరుకు

మా మిద్దె మీది నందివర్ధనం మొక్కకున్న పచ్చపురుగు రాత్రికి రాత్రి తుప్పురంగుకు తిరిగింది. జబ్బు కాదు. తిండి ముగించి, ఎండుటాకుల కింద ప్యూపాగా మారడానికి నేల వెతుక్కునే దశ అది. అయితే చెన్నై వాషర్‌మెన్‌పేట్‌లోని మా ఇంట్లో కుండీ చుట్టూ సిమెంటే. పైగా మైల తీరిందని ఆ రోజు మిద్దంతా కడగబోతున్నారు.

నా భార్య పూజకు పూలు కోస్తూ ఈ పురుగుల్ని ఏరేసేది. చివర్లో ఆమె మంచం దిగలేదు. పోయాక, మైలలో పూజ లేక ఎవరూ మొక్క జోలికి పోలేదు. ఈ పురుగు వయసును బట్టి చూస్తే, తల్లిపురుగు దీని గుడ్డు పెట్టింది ఆమె ఉండగానే. ఊరికి ఆ చివర షోళింగనల్లూరులో మా అబ్బాయి ఉండే కింది వాటాలో, ఆమె నాటిన కొమ్మ మట్టిలో పెరుగుతోంది. అక్కడికి చేర్చాలనుకున్నాను.

ఎనిమిదింటికి మెట్రో స్టేషన్‌లో, పురుగును పెట్టుకున్న మిఠాయి డబ్బాను స్కానర్‌లో పెట్టమన్నారు. నేను పెట్టలేదు. మూత తీసి చూపిస్తే గార్డు వెనక్కి జరిగి, పొమ్మని చెయ్యూపాడు. గిండీలో దిగి బస్సెక్కాను. డబ్బాలో పురుగు ఆగకుండా తిరుగుతోంది. ఇలా తిరిగి తిరిగి అలసిపోతే ప్యూపా కాకుండానే చస్తుంది.

పక్క సీటావిడ అడిగింది. "ఏందన్నా, కోడిపిల్లా?"

"పురుగమ్మా."

"దానికి టికెట్టు తీసినావా?" అని నవ్వి, కిటికీ వైపు జరిగి, డబ్బాకు ఎండ తగలకుండా కొంగు అడ్డం పెట్టింది.

పదిన్నరకు చేరాను. కోడలు రేవతి మైల తీరిందని పొద్దున్నే మొక్క కిందంతా ఊడ్చి, నీళ్లు చల్లి, ముగ్గేసింది. ఒక్క ఎండుటాకు లేదు.

సంగతి చెబితే, "అయ్యో మామా, ఒక ఫోన్ కొట్టకూడదా?" అంటూ చెత్తబుట్ట తెచ్చి ముగ్గు మీదే ఆకులు కుమ్మరించింది. "అత్త చూసుంటే నన్ను తిట్టిపోసుండేది."

వదిలాక పురుగు కాసేపు కదల్లేదు. తర్వాత ఆకుల కిందికి దూరింది.

మీకెప్పుడైనా ఇలాంటి పని పడితే ముందు ఫోన్ చేయండి; డబ్బాలో ఆకులు కాదు, పొడి మట్టి వేయండి. అన్నీ కుదిరితే రెండు మూడు వారాల్లో సీతాకోకచిలుక లాంటి, పచ్చ, గులాబీ రంగుల పెద్ద చిమ్మట బయటికొస్తుంది. సందె వేళ గాలిలో నిలబడి పూల తేనె తాగుతుంది. కుదరకపోతే తెలిసేదీ ఉండదు.

తిరుగు బస్సులో ఖాళీ డబ్బాను రెండు చేతులతో పట్టుకునే కూర్చున్నాను. గిండీ దగ్గరపడుతుండగా రేవతి ఫోన్ చేసింది.

"మామా, అది ఎగిరిపోయేదాకా ఆడ ఊడ్వను, ముగ్గెయ్యను. పక్కింటోళ్లడిగితే మాకింకా మైల తీరలేదని చెప్తా. సెరినా?"

సరేనన్నాను.