మనవరాలి బొమ్మల పుస్తకానికి జిగురు

మా ఇంట్లో కత్తెర ఒక్కనాడూ పెట్టిన చోట ఉండదు. ఈ రోజు పొద్దంతా దాన్ని వెతకడంతోనే సరిపోయింది. మనవరాలు రేపు తెల్లారే చికిటి ఊళ్లో ఉన్న అత్తవారింటికి వెళ్లిపోతోంది. బట్టల తానుల మీద వచ్చే దేవుళ్ల బొమ్మలు, పాత అట్టలు పోగేసి దానికో పుస్తకం కడుతున్నాను. గంజితో బొమ్మలు అంటించబోతే మా ఆవిడ గిన్నె లాగేసుకుంది.

"లచ్మీదేవికి అన్నం గంజి పూసేత్తారేటి? అంటు కాదేటి? సింతగింజల జిగురెట్టండి."

"అవి నానేసరికి పిల్ల అత్తోరింట్లో ఉంటాదే!"

వింటేనా! సాయంత్రం, "పక్కింటోళ్లు సింతగింజల జిగురిచ్చారు, సూడు" అని పుస్తకం చేతిలో పెట్టాను. కళ్లకద్దుకుని, దేవుడి ముందు పెట్టి హారతి ఇచ్చింది. మీరైతే నిజం చెప్పేస్తారా? నేను పూసింది ఆవుకని పక్కన పెట్టిన గంజి.