గోడ మీద కనిపించిన ఊరు

కనకమ్మ సత్రం దగ్గరి బడిలో నేను సాంఘికశాస్త్రం చెప్పేదాన్ని. ఆ ఏడాది సైన్సు చెప్పడానికి మణవాళనగర్ నుంచి ఒక కొత్త టీచరు వచ్చింది. వయసులో నాకంటే చాలా చిన్నది. ఫోనులో ఇంటర్నెట్ పెట్టి, చిన్న ప్రొజెక్టరుతో గోడ మీద చూపిస్తూ పాఠం చెప్పేది. నా గంటలో ఆవులించిన పిల్లలే ఆమె గదిలో కేకలు పెట్టేవాళ్లు. అవి వింటుంటే నాకు ఒళ్లు మండిపోయేది.

ఒకరోజు ఉండబట్టలేక, డస్టరు కావాలన్న వంకతో ఆ గదిలోకి వెళ్లాను. గోడ మీద పైనుంచి తీసిన మా ప్రాంతపు పటం ఉంది. మన ఊరికి నీళ్లు ఎక్కడి నుంచి వస్తాయో పిల్లల చేతనే వెతికిస్తోంది. పటం నా పాఠం కదా, ఈమెకెందుకు అనిపించింది.

అంతలో ఒక పిల్ల లేచింది. రెండేళ్లుగా నా క్లాసులో నోరు విప్పని పిల్ల.

"టీచర్, గుమ్మిడిపూండి యాడుండాది?"

టీచరు పటాన్ని జరిపింది. ఫ్యాక్టరీల రేకుల కప్పులు కనిపించాయి. పిల్ల గోడ దగ్గరికి వెళ్లి, రైలు పట్టాల మీద వేలు పెట్టింది.

"మా నాయన దీని మిందనే పనికి పోతాడు. నేను లేసేలోపలే పోతాడు టీచర్."

ఆ మాట నాతో ఎందుకు చెప్పలేదని గుండెలో కలుక్కుమంది.

సాయంత్రం స్టాఫ్ రూములో ఆమెను కదిలించాను. "ఏమ్మా, ఈ ఆటంతా పరీక్షలో వస్తాదా?"

ఆమెకు కోపం రాలేదు. "అక్కా, మన ఏరు యాడ పుట్టి యాడికి పోతాదో నాకు సరిగా తెలీదు. మీరొచ్చి చెప్పండక్కా, నేను తీసి చూపిస్తాను."

కాదనలేకపోయాను. మరుసటి వారం మా ఏరు కుశస్థలి గురించి నేను చెబుతుంటే, ఆమె పూండి జలాశయం దాకా, అక్కడి నుంచి సముద్రం దాకా పటం నడిపింది. పిల్లలు ప్రశ్నల మీద ప్రశ్నలు వేశారు. అన్నేళ్లలో అంత బాగా సాగిన పాఠం నాకు లేదు.

అయినా గంట కొట్టగానే ఆ పిల్ల పరుగెత్తింది ఆమె దగ్గరికే. నేను పుస్తకాలు సర్దుకుంటూ, వాళ్లిద్దరూ ఏం మాట్లాడుకుంటున్నారోనని చెవి అటే పెట్టాను.