కూలరు తాగిన మంచినీళ్లు

సముద్రానికి దూరంగా, సంగంలో మా పుట్టింట్లో ఎండాకాలమంతా కూలరే. కిటికీకి ఆనించి పెడితే మధ్యాహ్నం కూడా దుప్పటి కప్పుకోవాలనిపించేది. అందుకే పాప పుట్టాక సముద్రం దగ్గరున్న అత్తగారింటికి వస్తూ, దాన్ని కూడా ఆటోలో వేయించుకుని తెచ్చాను. ఇక్కడ గదిలో ఏసీ ఉంది. బిల్లుకు భయపడి ఎవరూ దాని జోలికి పోరు.

కొద్ది రోజులకే పాప మెడ మీద, వీపు మీద చెమటకాయలు లేచాయి. సముద్రపు గాలిలో అసలే తేమ, దానికి కూలరు తేమ తోడైంది. ఎంత గాలి వీచినా ఒళ్లు ఆరదు. పాప నిద్రపోదు. జ్వరమేమోనని నేను ఊరికే ఒళ్లు పట్టి చూస్తుండేదాన్ని.

"ఏసీ వేద్దామత్తా" అన్నాను.

"బిల్లు మీ నాయన కడతాడా మే?" అని నవ్వింది అత్త.

రెండూ చెరో వారం వాడి, మీటరు చూద్దామన్నాడు మా ఆయన. ఏసీ ఇరవై ఏడు మీద పెట్టి, పైన ఫ్యాను తిప్పి, రాత్రిళ్లు మాత్రమే వేశాం. ఆ వారం పాప నిద్రపోయింది. కానీ మీటరు ప్రకారం కూలరే చవక. బీకాం చదివినదాన్ని, ఎన్నిసార్లు కూడినా అంతే వచ్చింది. మళ్లీ కూలరే వేశాను.

మర్నాడు నీళ్ల క్యాన్లు వేసే అతను గుమ్మంలోనే అడిగాడు.

"ఏందక్కా, చుట్టాలొచ్చినారా? క్యాన్లు తెగ అయిపోతా ఉండాయే."

మా బోరు నీళ్లు ఉప్పన. వాటితో కూలరు గడ్డి మీద ఉప్పు తెల్లగా పేరుకుపోయిందని, తాగే క్యాన్లే తెచ్చి పోస్తున్నాను. పుట్టింట్లో కూలరుకు నీళ్లు కొనడమనేదే లేదు. అందుకే అవి నా లెక్కలోకి రాలేదు.

అత్త నా వైపు తిరిగింది. "నేను కాళ్లు ఉప్పునీళ్లతో కడుక్కుంటా ఉంటే, ఈ కూలరు మంచినీళ్లు తాగతా ఉందా?"

క్యాన్ల ఖర్చు కూడా కలిపితే కూలరుకూ ఏసీకీ పెద్ద తేడా లేదు.

ఆ రాత్రి ఏసీ వేశాం. పాప వీపు పొడిగా ఉంది. ఇప్పుడు పాదాలు చల్లబడ్డాయేమోనని చూస్తూ, మేజోళ్ల కోసం లేచి తలుపు తీశాను.

హాల్లోంచి అత్త కేక వేసింది. "తలుపెయ్ మే! చల్లదనమంతా బయటికి పోతా ఉంది."